హోల్డ్ కుర్చీలు

పొద్దున షిఫ్టు మొదలయ్యేసరికి మూడో అంతస్తులో గోడ వారగా వేసిన కుర్చీలన్నీ ఖాళీగా ఉండేవి. ఊడ్చే ఆయమ్మ వాటిని తడిగుడ్డతో తుడిచి, కొస కుర్చీ మీద నాలుగు దుప్పట్లు మడతపెట్టి ఉంచేది. ఇటు వరసల్లో అమ్మాయిలూ అబ్బాయిలూ హెడ్‌సెట్లు తగిలించుకుని గొంతులు సవరించుకునేవారు. మొదటి ఫోను మోగేది. మొదటి "అర్థం చేసుకోగలనండీ" వినిపించేది. కాసేపటికి ఎవరో ఒకరు "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని బటన్ నొక్కేవారు. నొక్కగానే ఆ ఫోన్ చేసిన మనిషి వచ్చి గోడ వార కుర్చీలో కూర్చునేవాడు.

ఎవరున్నట్టు వాళ్ళు వచ్చేవారు. ఆ కంపెనీ అమ్మేది గీజర్లూ, ఫ్రిజ్‌లూ, బట్టలుతికే మిషన్లూ. గీజర్ పాడైనవాళ్ళు స్నానాల గదిలోంచే ఫోన్ చేస్తారు కాబట్టి తువ్వాళ్ళతో దిగేవారు. దుప్పట్లు అందుకే. ఒకావిడ ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్లతో వచ్చేది, ఒక పెద్దాయన ఒంటి చెప్పుతో వచ్చేవాడు. అందరి చెవి దగ్గరా ఫోను, ఫోన్లో సంగీతం. అదే ముక్క తిరిగి తిరిగి. లైను కలపగానే కుర్చీ ఖాళీ అయ్యేది, ఎవరింట్లో వాళ్ళు తేలేవారు. లైన్ కట్టయినా అంతే. కాకపోతే కట్టయినవాళ్ళు భాష కోసం ఒకటి నొక్కడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టుకోవాలి.

ఇందులో వింతేమీ లేదు. హోల్డ్‌లో పెట్టిన మనిషి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. ఈ కంపెనీ కనీసం కుర్చీలు వేసింది.

రూలు మాత్రం ఒకటుంది. ఆ కుర్చీల వైపు చూడకూడదు. చూస్తే జాలేస్తుంది, జాలేస్తే మాట పెరుగుతుంది, మాట పెరిగితే కాల్ టైము పెరుగుతుంది. అందుకని బల్లలన్నీ అటు వీపు పెట్టి వేశారు. సెక్యూరిటీ అతనికీ అదే రూలు, టీ తెచ్చేవాడికీ అదే రూలు. ఆయమ్మ ఒక్కతే వాళ్ళతో మాట్లాడేది, అదీ నేల తుడిచేటప్పుడు కాళ్ళెత్తమనడానికి.

ఆ ఫ్లోర్ మొత్తానికి తీయటి గొంతు ఒకామెది. అందరూ ఆమెని పీచుమిఠాయి అనేవారు. నిప్పులు కక్కుతూ ఫోన్ చేసినవాడు కూడా ఆమెతో నాలుగు మాటలు మాట్లాడేసరికి చల్లబడి, మిషన్ బాగుకాకుండానే థాంక్స్ చెప్పి పెట్టేసేవాడు. పేరు బాగానే కుదిరింది. చూడ్డానికి బోలెడు, నోట్లో వేసుకుంటే ఏమీ లేదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమెకి ఒళ్ళు మండేది. అబద్ధమైతే నవ్వి ఊరుకునేదే. నిజం కాబట్టి మండేది.

ఎనిమిదేళ్ళుగా ఆమె చేతిలో 'సరే' అనే మాట లేదు. కొత్త మిషన్ ఇస్తాం అని చెప్పే అధికారం లేదు, ఇవ్వం అని చెప్పే అధికారమూ లేదు. ఏది అడిగినా పై వాళ్ళని కనుక్కోవాలి. కనుక్కోవాలంటే మనిషిని హోల్డ్‌లో పెట్టాలి. పై నుంచి జవాబు రాదు, వస్తే స్క్రిప్టు ప్రకారం చెప్పమని వస్తుంది. ఆమె మళ్ళీ లైన్లోకి వెళ్ళి, తనకి ఏమాత్రం నమ్మకం లేని మాటలు ఎంతో నమ్మకంగా చెప్పేది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి నాలుక చప్పబడిపోయేది.

పై అంతస్తులో ఒక గది ఉంది. తలుపు మీద 'పరిష్కారాలు' అని రాసి ఉంటుంది. లోపల ఒక బల్ల, ఒక కిటికీ, ఒక కంప్యూటరు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి స్క్రిప్టు లేదు, నెత్తిమీద గడియారం లేదు. ఫిర్యాదు చదివి, కావాలంటే తిరిగి ఫోన్ చేసి కనుక్కుని, ఇవ్వాలో కుదరదనాలో తనే తేల్చి సంతకం పెడతారు. అందులో ఉన్నాయన వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయి నెలలైంది. అప్పట్నుంచీ కింద వాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ ఆ ఖాళీ గదిలోకే వెళ్తున్నాయి. హోల్డ్ కుర్చీలు కిటకిటలాడ్డానికి అసలు కారణం అదే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

పీచుమిఠాయి ఆ గదికి దరఖాస్తు పెట్టింది.

ఆమె టీమ్ లీడర్ని ఫ్లోర్ మీద స్టాప్‌వాచ్ అంటారు. సంతకం కోసం వెళ్తే అతను కాగితాన్ని వేళ్ళ చివర్లతో పట్టుకున్నాడు.

"మీకెందుకండీ ఆ తలనొప్పి? ఇక్కడ రాణిలా ఉన్నారు."

"రాణి బాత్రూంకి వెళ్ళాలన్నా మీరు చెయ్యి ఊపాలి కదా సార్."

అతను నవ్వాడు. అతని నవ్వు కూడా లెక్క ప్రకారమే ఉంటుంది, ఎక్కువసేపుండదు. "పైన ఎవరూ థాంక్స్ చెప్పరు, తెలుసా?"

"ఇక్కడ చెప్తున్నారు, దేనికో నాకు తెలీట్లేదు" అంది ఆమె.

సంతకం పెట్టాడు. పెట్టకపోతే బాగోదు కాబట్టి పెట్టాడు. రాత పరీక్ష ఆమె సునాయాసంగా దాటేసింది. చివరి ఇంటర్వ్యూ పైమేడం దగ్గర. పై అంతస్తు మొత్తానికి పెద్దావిడ ఆవిడే. ఇంటర్వ్యూ ఎప్పుడో హెచ్ఆర్ నుంచి ఫోన్ వస్తుందనీ, ఎత్తకపోతే వద్దనుకున్నట్టేననీ చెప్పారు. కంపెనీ లోపలివాళ్ళకి ఇది ఒక్కటే అవకాశం. ఇది దాటితే గది బయటివాళ్ళకి.

ఆ రోజు నుంచి ఆమె ఫోన్‌ని ఒక్క క్షణం వదల్లేదు. బట్టలారేస్తున్నా చేతిలోనే.

"రాకపోతే మాత్రం ఏమైంది, ఉన్న ఉద్యోగం ఉందిగా" అన్నాడు ఆమె మొగుడు ఒకరోజు. స్కూలు బస్సు నడుపుతాడు. మనిషి మంచివాడే, దేనికీ తొందరపడడు.

"ఉన్న ఉద్యోగం ఉండటమే కదండీ నా బాధ."

అతను బస్సు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కుతున్న ఆడపడుచు మాత్రం ఆపి, దారం కొరికి, "ఆ గది నీకొస్తే ఏం చేస్తావు వదినా?" అని అడిగింది.

"ఎవరో ఒకరికి సరే అంటాను. ఎవర్నీ కనుక్కోకుండా."

"ఊరికే అందరికీ సరే అంటే కంపెనీ మూతపడుద్దేమో."

"కాదని కూడా అంటానే. కాదని మొహం మీద చెప్పడానికి కూడా దమ్ముండాలి. ఇప్పుడు నాకు అదీ లేదు."

ఆడపడుచు మళ్ళీ మిషన్ తొక్కడం మొదలెట్టింది. "అయితే రావాల్సిందే" అంది, తనే ఆర్డరిస్తున్నట్టు.

ఫోన్ వచ్చింది ఆమె సెలవు రోజున. ఇంట్లో వేసుకునే పాత నైటీలో, జుట్టు ముడేసుకుని, వంటింట్లో ఉల్లిపాయ ఒలుస్తోంది. పొట్టు సగం ఊడింది.

"మేడం, హెచ్ఆర్ నుంచి. మీ ఇంటర్వ్యూ ఈరోజే. పన్నెండు లోపు పైమేడం చూసేసి క్లోజ్ చేస్తారట."

"ఈరోజా? ముందే చెప్పొచ్చు కదా సార్."

"సిస్టమ్‌లో ఇప్పుడే వచ్చింది మేడం. మీకు టైము ఎప్పుడిచ్చారో చూసి చెప్తాను. ఒక్క నిమిషం లైన్లో ఉండండి. కట్ మాత్రం చెయ్యకండి, కట్ చేస్తే మీరు వద్దన్నట్టు రాసుకోవాలి."

"సార్, హోల్డ్‌లో పెట్టకండి, నేనిప్పుడే బయల్దేరి..."

సంగీతం మొదలైంది. కాళ్ళ కింద వంటింటి గచ్చు పోయి, నున్నటి పాలిష్ నేల తగిలింది. పీచుమిఠాయి హోల్డ్ కుర్చీలో కూర్చుని ఉంది, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో సగం ఒలిచిన ఉల్లిపాయ.

ఎనిమిదేళ్ళుగా తను వీపు పెట్టి కూర్చున్న గోడ వార నుంచి ఆమె మొదటిసారి తన ఫ్లోర్‌ని చూసింది. ఎదురుగా వరసగా వీపులు. తన బల్ల ఖాళీగా ఉంది. పక్క బల్ల కుర్రాడు "అర్థం చేసుకోగలనండీ" అంటూ ఇంకో చేత్తో గోళ్ళు చూసుకుంటున్నాడు. తను కూడా అలాగే చూసుకునేది. ఆమెకి సిగ్గేసింది, ఆ వెంటనే ఆ సిగ్గు కోపంగా మారింది, ఆ కోపం ఎవరి మీదో వెంటనే తెలియలేదు.

ఎడమ పక్క దుప్పటి కప్పుకున్న తువ్వాలాయన కాస్త జరిగి చోటిచ్చాడు. కుడి పక్కాయనకి సగం మొహం మీద సబ్బు నురగ ఉంది, ఆరిపోయి పొడిలా రాలుతోంది. మిగతా సగం నున్నగా గీసుకున్నాడు.

"మీది గీజరా?" అడిగాడు సగం గడ్డమాయన.

"కాదండీ. ఉద్యోగం."

ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. "ఈ గొంతు నేను విన్నాను. మీరే కదూ? మీరే నన్ను ఎన్నోసార్లు ఇక్కడ కూర్చోబెట్టారు."

స్క్రిప్టులో దీనికి మూడు జవాబులున్నాయి. మూడూ నాలుక చివరికి వచ్చాయి. ఆమె మింగేసింది.

"అవునండీ, నేనే."

"మరి ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు. నా చేతిలో ఏం లేదు. పై వాళ్ళని కనుక్కుంటానని మీకు చెప్పినప్పుడల్లా పైన గదిలో ఎవరూ లేరు."

ఆయన తిడతాడనుకుంది. తిట్టలేదు. పక్కవాళ్ళు కూడా వింటున్నారు. పసిపిల్ల తల్లి మాత్రం "ఇన్నాళ్ళూ ఖాళీ గదికా మేం మొర పెట్టుకుంటోంది?" అని, పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించింది.

అప్పుడే హెచ్ఆర్ ఆయన టీ గ్లాసు పట్టుకుని ఫ్లోర్‌లోకి వచ్చాడు. స్టాప్‌వాచ్ ఎదురెళ్ళాడు. ఇద్దరూ సరిగ్గా హోల్డ్ కుర్చీల ముందే నిలబడ్డారు, అటు వీపు పెట్టి. అక్కడైతే ఎవరూ వినరని ఆ ఆఫీసులో అందరి నమ్మకం.

"పెట్టారా?" అన్నాడు స్టాప్‌వాచ్.

"పెట్టాను సార్. పన్నెండు దాటాక తీస్తాను. అయ్యో మేడం, అన్ని టైములూ నిండిపోయాయి అంటాను."

"గొడవ చేస్తుందేమో?"

"ఆవిడా? పీచుమిఠాయి సార్ ఆవిడ. నాకే థాంక్స్ చెప్పి పెట్టేస్తుంది."

"మీకేం తెలుసు సార్ నా తిప్పలు. ఆవిడ పైకెళ్తే నా ఫ్లోర్ స్కోరు మటాష్. తిట్టడానికి ఫోన్ చేసినవాడి చేత దణ్ణం పెట్టించే గొంతు అది. దాన్ని పైన గదిలో కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకుంటారా ఎవరైనా?"

హెచ్ఆర్ ఆయన టీ చప్పరించి వెళ్ళిపోయాడు. స్టాప్‌వాచ్ తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

పీచుమిఠాయికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయ వల్ల అనుకుందామన్నా కుదరలేదు, అది ఎప్పుడో ఆరిపోయింది. ఎనిమిదేళ్ళు ఆ గొంతుతో వాళ్ళ తిట్లన్నీ మోసింది. చివరికి ఆ గొంతే తన కాళ్ళకి అడ్డం పడింది. ఎదురు గోడ మీద గడియారంలో పదకొండున్నర దాటింది.

ఆమె లేవబోయింది.

తువ్వాలాయన చటుక్కున ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "లేవకమ్మా. లేస్తే లైన్ కట్టవుద్ది."

"ఎవరన్నారు?"

"అందరికీ తెలుసు."

"ఎప్పుడైనా ఎవరైనా లేచారా?"

తువ్వాలాయన ఆలోచించాడు. పక్కావిడని చూశాడు. ఆవిడ ఒంటిచెప్పు పెద్దాయన్ని చూసింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎందరో. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలన్న భయంతో ఒక్కళ్ళూ లేచి చూడలేదు.

ఆమెకీ భయం వేసింది. లేచి, లైన్ కట్టయితే, వంటింట్లో తేలుతుంది. వద్దనుకున్నట్టు రాసుకుంటారు. మళ్ళీ సోమవారం ఇదే ఫ్లోరు, ఇదే హెడ్‌సెట్టు, రిటైరయ్యేదాకా "అర్థం చేసుకోగలనండీ". కూర్చున్నా అంతే. కూర్చుంటే మాత్రం ఖాయంగా అంతే.

"కట్టయితే కట్టవనీ" అంది. లేచింది.

ఫోన్లో సంగీతం ఆగలేదు. ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. సంగీతం ఆమెతో పాటే నడిచింది.

గోడ వార వాళ్ళంతా చూస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి, పీచుమిఠాయి గొంతుతో కాదు, ఇంట్లో ఆడపడుచుతో మాట్లాడే గొంతుతో, "వస్తే రండి. పైన గది ఎక్కడుందో నాకు తెలుసు" అంది.

మొదట సగం గడ్డమాయన లేచాడు. తర్వాత పసిపిల్ల తల్లి. తువ్వాలాయన దుప్పటి బిగించి కట్టుకున్నాడు. పెద్దాయన ఒంటి చెప్పు కూడా అక్కడే వదిలేసి రెండు కాళ్ళూ సమంగా పడేటట్టు నడిచాడు. అన్ని ఫోన్లలోంచీ అదే ముక్క, ఒకదానికొకటి కలవకుండా మోగుతుంటే, బ్యాండుమేళం లేని పెళ్ళివారిలా వాళ్ళు ఫ్లోర్ మధ్యలోంచి వెళ్ళారు. స్టాప్‌వాచ్ ముందునుంచే వెళ్ళారు. అతను స్క్రీన్ మీంచి తల ఎత్తి, హోల్డ్ వాళ్ళని గమనించి, రూలు ప్రకారం వెంటనే తల దించుకున్నాడు.

మెట్ల దగ్గర సెక్యూరిటీ. మామూలుగా కార్డు లేకుండా పురుగుని కూడా వదలడు. పీచుమిఠాయి కార్డు ఇంట్లో హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. అతను వీళ్ళని చూశాడు, ఎవరో గ్రహించాడు, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అందరూ ఎక్కేదాకా అలాగే నిలబడ్డాడు పాపం.

పైమేడం తన గదిలో గుట్టలు పడ్డ ఫైళ్ళ వెనకాల ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. గుమ్మంలో నైటీ, ఆ వెనక దుప్పటి, ఆ వెనక సబ్బు నురగ. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని అందర్నీ ఒక్కొక్కర్నీ చూసింది. ఆ కంపెనీలో హోల్డ్ వాళ్ళ మొహాలు అలా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"ఎవరమ్మా మీరంతా?"

"వీళ్ళు మన హోల్డ్ వాళ్ళు మేడం. నేను ఇంటర్వ్యూకి వచ్చాను. పన్నెండు దాటేదాకా నన్ను కూడా హోల్డ్‌లో ఉంచాలని కింద మాట్లాడుకున్నారు. అందుకని ఉన్నదున్నట్టు వచ్చేశాను."

పైమేడం గోడ గడియారం చూసింది. ఎవరు మాట్లాడుకున్నారని అడగలేదు. "కింది నుంచి వచ్చేవాళ్ళంటే నాకు ఒకటే అనుమానం. ఎనిమిదేళ్ళు కనుక్కుని చెప్తానన్న నోరు. తేల్చి చెప్పమంటే తేలుస్తుందా?"

"తేలుస్తాను మేడం."

"అనడం కాదు. ఆ గది తలుపు తీసే ఉంది. వెళ్ళి కూర్చో. పన్నెండు దాకా చూస్తాను."

పరిష్కారాల గదిలో బల్ల మీద మందంగా దుమ్ము. నైటీకి కొంగుండదు కాబట్టి పీచుమిఠాయి మోచేత్తోనే తుడిచి, ఉల్లిపాయ ఒక పక్కన పెట్టి, కంప్యూటర్ తెరిచింది. పైమేడం గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. తువ్వాలాయన ముందుకొచ్చాడు.

"గీజర్ పెట్టిన నెలకే పేలిందమ్మా. బిగించింది మీ మనిషి కాదంటున్నారు. మీ మనిషిని పంపమని నాలుగుసార్లు అడిగితే పంపలేదు, ఇంక నేనేం చెయ్యను?"

ఆమె రికార్డు తీసి చూసింది. నాలుగుసార్లు అడిగిన మాట నిజమే, నాలుగూ ఉన్నాయి. నోరు తెరిచింది.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి, పై వాళ్ళని కనుక్కుని..."

తువ్వాలాయన మొహం వాడిపోయింది. పైమేడం కనుబొమలు పైకి లేచాయి. పీచుమిఠాయి నాలుక కరుచుకుంది, నిజంగానే కరుచుకుంది, రక్తపు రుచి తెలిసింది. పైన ఎవరున్నారు? మేడమీద నీళ్ళ ట్యాంకు తప్ప పైన ఇంకెవరూ లేరు.

"క్షమించండి. పాత జబ్బు" అంది. "పంపమన్నప్పుడు పంపని తప్పు మాది. కొత్త గీజర్ వస్తుంది. ఈసారి బిగించేవాడు కూడా మావాడే. సరే."

ఆ ఆఖరి మాట అవసరం లేకపోయినా అంది. అన్నాక అదెంత చిన్న మాటో అని ఆశ్చర్యపోయింది.

తువ్వాలాయన ఏదో అనబోయి, అనేలోపే మాయమయ్యాడు. దుప్పటి నేలమీద కుప్పగా పడింది. పని తేలిపోయినవాళ్ళకి లైనుతో పనేముంది.

పసిపిల్ల తల్లికి ఫ్రిజ్ డబ్బు వెనక్కివ్వమని రాసింది. పెద్దాయన మిషన్‌కి మనిషిని పంపింది, పంపేముందు ఆ మనిషికి తనే ఫోన్ చేసి ఎప్పుడెళ్తాడో గట్టిగా కనుక్కుంది. తర్వాత సగం గడ్డమాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన రికార్డు ఆమె రెండుసార్లు చదివింది.

"మీ మిషన్ మోటారు మీరే విప్పారండీ."

"విప్పాను. చప్పుడొస్తుంటే."

"విప్పి, వైరు తప్పు పెట్టారు. అందుకే కాలింది. దానికి కంపెనీ ఏమీ ఇవ్వదు. నేనూ ఇవ్వను."

గుమ్మంలో పైమేడం చేతులు దించింది. సగం గడ్డమాయన ఆమెని కాసేపు అలా చూశాడు. ఆమె కళ్ళు దించలేదు, తీపి కూడా కలపలేదు.

"ఇదే ముక్క మొదటి రోజే చెప్పుంటే ఈపాటికి వేరే మిషన్ కొనుక్కునేవాణ్ణి కదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు, బరువు దిగినవాడి అలసట ఉంది. "పోనీ, ఇవాళైనా చెప్పారు." మిగిలిన గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడే ఆమె ఫోన్లో సంగీతం ఆగింది.

"హలో మేడం, లైన్లో ఉన్నందుకు థాంక్స్ అండీ. చూశాను. మీ టైము..."

ఆమె కాళ్ళు తేలికవడం మొదలైంది. బల్ల అంచు వేళ్ళ కింద మెత్తబడింది. అరికాళ్ళకి వంటింటి గచ్చు చల్లదనం తగిలింది, దూరంగా కుట్టుమిషన్ చప్పుడు కూడా వినిపించింది. లైన్ కలిసింది, ఇంక మనిషి ఇంటికి పోవాల్సిందే. పన్నెండుకి ఇంకా కొద్దిగా ఉంది. హెచ్ఆర్ ఆయనకి టీ తొందరగా అయిపోయినట్టుంది.

"సార్" అంది పీచుమిఠాయి, ఎనిమిదేళ్ళ తీపంతా ఒక్క చోట పోగుచేసి, "ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

బటన్ నొక్కింది.

బల్ల మళ్ళీ గట్టిపడింది. పైమేడం నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆ నవ్వు కిటికీ అద్దంలో కనబడుతూనే ఉంది.

పన్నెండు దాటింది. పైమేడం తన గదిలోంచి ఆమె దరఖాస్తు తెచ్చి, సంతకం పెట్టి, బల్ల మీదకి జరిపింది. "రేపట్నుంచి రా."

"ఇవాళ్టి వాళ్ళు ఇంకా ఉన్నారు మేడం."

"అయితే ఇవాళ్టి నుంచే ఏడువు. ఏదైనా కోటు వేసుకో ముందు, ఈ ఏసీ చలికి గడ్డకట్టుకుపోతావు." తన గదిలో కుర్చీ వీపు మీదున్న కోటు తెచ్చిచ్చింది.

కోటు గుండీలు పెట్టుకుంటూ ఆమె మూడో అంతస్తుకి దిగింది, కొత్తగా హోల్డ్‌లో పడ్డవాళ్ళని తీసుకురావడానికి. స్టాప్‌వాచ్ ఫ్లోర్ అంతా తిరుగుతూ కనబడ్డ ప్రతివాణ్ణీ "హెచ్ఆర్ సార్ని చూశారా? కేబిన్‌లో లేరు, ఫోన్ ఎంగేజ్ వస్తోంది" అని అడుగుతున్నాడు. అందరూ స్క్రీన్లలోకి చూస్తూ లేదని తలలూపుతున్నారు. కొందరి భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

హెచ్ఆర్ ఆయన గోడ వార మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చేతిలో ఖాళీ టీ గ్లాసు, చెవి దగ్గర ఫోను. స్టాప్‌వాచ్ ఆయన ముందునుంచే రెండుసార్లు వెళ్ళాడు. ఆయమ్మ తుడుచుకుంటూ వచ్చి, "కాళ్ళెత్తు బాబూ" అంది. ఆయన ఎత్తాడు.

కోటులో ఉన్నామెని చూడగానే ఆయన గొంతు తగ్గించి, "మేడం, మీ ఇంటర్వ్యూ సంగతి... పోస్టు నిండిపోయినట్టుంది" అన్నాడు. ఆ మాట పొద్దున్నుంచీ నోట్లో సిద్ధంగా ఉంది, వేరే మాట దొరకలేదు పాపం.

"అవును సార్, నిండిపోయింది. ఇందాకే చేరాను."

ఆయన పక్కన ఒకావిడ తలకి షాంపూ నురగతో అప్పుడే దిగింది. ఆ పక్కన బనీను వేసుకున్న కుర్రాడు. పీచుమిఠాయి వాళ్ళిద్దర్నీ చూసి, "లేవండి. పైకి వెళ్దాం" అంది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని లేచారు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

నాలుగు అడుగులు వేసి ఆమె ఆగింది. "మీరు కూడా లేవొచ్చు సార్" అంది వెనక్కి తిరిగి. "ఏమీ కాదు, కట్టవదు."

హెచ్ఆర్ ఆయన ఫోన్ని ఇంకాస్త గట్టిగా చెవికి అదుముకున్నాడు. ఆమె ముఖం చూశాడు, మెట్ల వైపు చూశాడు, ఫోన్లో తిరుగుతున్న ఆ ముక్క విన్నాడు.

"ఎందుకొచ్చిన గొడవ మేడం" అన్నాడు. "ఇంతసేపు ఉన్నాను కదా."

ఆమె షాంపూ ఆవిణ్ణీ బనీను కుర్రాణ్ణీ వెంటబెట్టుకుని మెట్లెక్కింది.